పొడుగు కర్ర, పొట్టి మాస్టారు

ఆమె వీధిలోకి అడుగు పెట్టగానే పెద్దవాళ్ళంతా పొట్టివాళ్ళైపోయేవారు.

కారణం ఆమె చేతిలోని రంగు పట్టీల కొలత కర్ర. బోదకాలు రాకుండా ఏడాదికోసారి మింగించే మాత్రల్లో ఒక రకాన్ని మనిషి పొడుగును బట్టి ఇవ్వాలి. తల పచ్చ పట్టీ దగ్గర ఆగితే మూడు, ఎర్ర పట్టీని తాకితే నాలుగు. ఒక్క మాత్ర తగ్గుతుందన్న ఆశతో ఆరడుగుల లారీ డ్రైవర్లు కూడా మోకాళ్ళు వంచి, మెడ లోపలికి లాక్కుని, ఎటో చూస్తూ నిలబడేవారు. ఆమె కర్ర కొనతో మోకాలి వెనక చిన్నగా తట్టేది.

"లేచి నిలబడు నాయనా, అక్కడ కుర్చీ లేదు."

ఆరోగ్య కేంద్రంలో పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం ఆమెకు మిగిల్చిన పేరు కర్రక్క. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలికేది కాదు.

ఆమె రోజు మొదలయ్యేది మాత్రలతో కాదు, అత్తగారి ఎడమ కాలితో. మోకాలి కింద నుంచి స్తంభంలా వాచిపోయిన ఆ కాలిని సబ్బు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్ది, చర్మం ఎక్కడైనా చిట్లిందేమో చూడాలి. చిన్న పగులు వదిలేస్తే నాలుగు రోజులు జ్వరమే.

"కొంచెం తేలిగ్గా పట్టుకో అమ్మాయ్. బరువుకి నా కాలే చాలదూ, నీ చెయ్యి కూడానా?" అనేది అత్తగారు.

వాళ్ళ ఇంటి గోడకు అవతలే కుట్టుషాపు. కుట్టు మాస్టారితో కలిపి పన్నెండు మంది. వెనక మూత లేని మురిక్కాలవ, దాని నిండా దోమలు. కిందటేడు పరీక్షలో ఆ షాపులోనే ఇద్దరి రక్తంలో బోదకాలు పురుగు బయటపడింది. మందులిచ్చారు. కానీ లోపల పురుగున్న మనిషికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు, దోమ మాత్రం దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి మోస్తూనే ఉంటుంది. గోడకు ఇవతల కర్రక్క మనవరాలికి ఏడేళ్ళు. ఆ ఇంట్లో అలాంటి కాలు ఇంకొకటి రాకూడదంటే గోడ అవతల పన్నెండు మందీ మింగాలి. మిగతా పదకొండు మందీ మాస్టారు ఏం చేస్తే అదే చేస్తారు.

మాస్టారు చేతి చురుకున్న మనిషి, కుట్టేటప్పుడు గుండీలు వేళ్ళ మధ్యే దాచుకునేవాడు. కాస్త పొట్టి. అది ఎవరూ గమనించకుండా రెండంగుళాల మడమ చెప్పులు వేసుకునేవాడు.

"అందరూ తిన్నారా? ఖాళీ కడుపుతో వద్దు," అంది కర్రక్క మొదటి రోజు. "మాస్టారూ, చెప్పులు విప్పండి."

"చెప్పులెందుకక్కా? నాకు నాలుగు పడతాయిలే, ఇచ్చెయ్."

"చెప్పులకు బోదకాలు రాదు. విప్పండి."

విప్పాడు. తల ఎర్ర పట్టీకి వేలెడు కిందే ఆగిపోయింది. కాజాలు కుట్టే అమ్మాయి కిసుక్కున నవ్వింది, ఆమెదీ మూడు మాత్రల ఎత్తే. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మాత్రలున్న గుప్పిట నోటికి ఆనించి, తల పైకెత్తి గటగటా నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించాడు. నోరు ఖాళీ.

"మాస్టారికి ఏమీ కాకపోతే రేపు మేమూ వేసుకుంటాం," అన్నారు మిగిలినవాళ్ళు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి కటింగతను బల్ల దగ్గర నీలం గుడ్డ మీద మార్కు పెడుతూ తంటాలు పడుతున్నాడు.

"మాస్టారూ, ఈ సుద్దేంటి, గీత పడట్లేదు?"

కర్రక్క ఆ సుద్ద అందుకుని చూసింది. గుండ్రంగా, మధ్యలో సన్నటి గాడితో ఉంది. సుద్దల డబ్బా వంచితే మిగతా మాత్రలూ దొర్లాయి. వేళ్ళ మధ్య గుండీలు దాచుకునే చెయ్యి మాత్రల్ని కూడా దాచిందన్నమాట. ఉత్త నీళ్ళే మింగాడు.

"అంటే మాస్టారే మింగలేదా?" అంది కాజాలమ్మాయి. మాస్టారు దొర్లినవాటిని గబగబా డబ్బాలోకి ఊడ్చాడు. కటింగతను మిగతావాళ్ళ వంక చూసి, "ఆయనకు అక్కర్లేనిది మనకెందుకు?" అన్నాడు. ఒక్కో మిషనూ మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడులో ఇక ఆమె మాట వినబడదు.

మాత్రలిచ్చే గడువు ఇంకా రెండు రోజులే ఉంది. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నాకో నైటీ కుట్టించాలి, పద," అంది.

ఇరవై అడుగుల దూరానికి పావుగంట పట్టింది. ముసలావిడ షాపులో బల్ల మీద కూర్చుని కాలు చాపింది. మిషన్లు ఆగిపోయాయి.

"ఈ కాలు పట్టేలా కింద ఘేరా ఎక్కువ పెట్టాలి మాస్టారూ. కాలు కొలుచుకో."

మాస్టారు జంకుతూ టేపు చుట్టాడు. "ఇరవై ఎనిమిది, పెద్దమ్మా."

"నీ నడుమెంత?"

"నా నడుమెందుకు?"

"ఇరవై తొమ్మిది," అని అందించింది కాజాలమ్మాయి. "మొన్న ప్యాంటు కుట్టుకున్నారుగా."

"ఒక్క అంగుళం తేడా," అంది ముసలావిడ. "నడుమంత కాలు వచ్చిందనుకో నాయనా, ఇక నీ పొడుగు ఎవడూ చూడడు. వీధంతా కాలినే చూస్తుంది. ఈ చెప్పులు కూడా పట్టవు." కాలు సర్దుకుని మామూలుగా అంది: "నువ్వు దాచిపెట్టడానికైనా నీకు మాత్రలిచ్చారు. మా రోజుల్లో అవీ లేవు."

మాస్టారు టేపు మెల్లగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మిషన్ల మధ్య నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పులు విప్పాడు.

కర్రక్క కొత్త మాత్రలు తీసింది. "ఈసారి అరచేతులు కూడా చూపించాలి."

చూపించాడు. ఆ మూడూ, మిగతా రకాల మాత్రలూ కలిపి మింగాడు. వేలికి సిరా గుర్తు పెట్టించుకుని పక్కకు తప్పుకున్నాడు.

"ఒకవేళ తల తిరిగితే?" అన్నాడు, మొదటి రోజు నుంచీ దాచుకున్న భయాన్ని బయటపెడుతూ.

"తిరిగితే కూర్చోండి, నాకు కబురు పెట్టండి. గోడ మీద తట్టినా చాలు."

మిగతావాళ్ళు వరస కట్టారు. కటింగతను కర్ర దగ్గరికి రాగానే అలవాటుగా మోకాళ్ళు వంచాడు. కర్రక్క నోరు తెరిచేలోపే వెనక నుంచి మాస్టారి గొంతు వినబడింది.

"నీ ప్యాంటు పొడుగు నాకు తెలీదా? నలభై రెండు. నిటారుగా నిలబడు, నీకు నాలుగు."

ఆ తర్వాత ఆమెకు పని లేకపోయింది. అందరి కొలతలూ ఆయన నోటిమీదే ఉన్నాయి. ఒక్కొక్కరి మోకాళ్ళూ వాటంతటవే నిలబడ్డాయి. పన్నెండు మందీ మింగారు.

నైటీ మూడో రోజుకల్లా వచ్చింది. కింద ఘేరా కావలసినంత ఉంది, ఎడమ వైపు రెండు కుట్లు ఎక్కువే వేశాడు. దాంతోపాటు మాస్టారు కూడా వచ్చాడు, చేతిలో టేపుతో.

"అక్కా, ఆ కర్ర ఒకసారి ఇలా ఇవ్వు. అరంగుళం తప్పుందని నా అనుమానం."

కర్రక్క ఇచ్చింది. ఆయన రెండుసార్లు కొలిచాడు. కర్ర సరిగ్గానే ఉంది. తిరిగిచ్చేసి, చెప్పులు వేసుకుని, రెండంగుళాలు పొడుగై వెళ్ళిపోయాడు.