చొక్కాసనం

పల్నాడు ఎండల్లో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని తిరిగేవాడు అయితే ప్లీడరై ఉండాలి, లేకపోతే తెలివితక్కువవాడై ఉండాలి. నేను నరసరావుపేట తాలూకాఫీసులో గుమాస్తాను. ప్లీడరీ చదవలేదు. కాబట్టి నేనేమిటో మీకు తెలిసిపోయే ఉంటుంది.

ఆ తెలివితక్కువతనానికి మూలం బొల్లి. ఎడమ మోచేతి కింద చింతగింజంత తెల్లమచ్చ పుట్టి, మెల్లగా రెండు ముంజేతుల మీదికీ, పొట్ట మీదికీ పాకింది. మచ్చలేని మనిషినని చెప్పుకునే యోగ్యత అలా పోయింది. గుంటూరు డాక్టరు, ఇది అంటదు, ప్రాణానికేం కాదు, నిశ్చింతగా ఉండు అన్నాడు. నేను నమ్మాను. కానీ బస్సులో నా పక్కన కూర్చునేవాడికి ఆ డాక్టరు చెప్పలేదు గదా. పైకడ్డీ పట్టుకుంటే చొక్కా చెయ్యి కిందికి జారుతుందని, వినుకొండ బస్సులో ఏమీ పట్టుకోకుండా నిలబడి, ఒకసారి ఎవరో ముసలమ్మ ఒళ్లో పడ్డాను.

మా అక్కది మాచర్ల. బావ ఆ ఊళ్లో పదిమందికి సలహాలు చెప్పే మనిషి. నా మచ్చల సంగతి ఆయన ఏనాడో తేల్చేశాడు. చిన్నప్పుడు నేను చేపలకూర తిని పాలు తాగి ఉంటాను, అంతే. కనపడ్డప్పుడల్లా ఆ మాట అనేవాడు. వాళ్లింట్లో చేపలు వండిన పూట పాలగిన్నె చుట్టుపక్కలకు ఎవర్నీ రానిచ్చేవాడు కాదు.

మేనకోడలి నిశ్చితార్థం నాడు బావ నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, ప్రేమగానే చెప్పాడు.

"ఒరేయ్, పెళ్లినాడు గంప ఎత్తాల్సింది నువ్వేగా. చేతుల గుండీలు గట్టిగా పెట్టుకో. మగపెళ్లివాళ్లు చూశారనుకో, మేనమామ పోలిక పిల్లకొచ్చుద్దేమోనంటారు. పీటల మీద నుంచి లేచిపోయినా పోతారు."

మా వైపు పెళ్లికూతుర్ని వెదురుగంపలో కూర్చోబెట్టి మేనమామలు పందిట్లోకి మోసుకొస్తారు. ఆ రోజు నుంచి గంప నా కలల్లోకి రావడం మొదలుపెట్టింది. ప్రతి కలలోనూ పిల్ల క్షేమంగానే ఉండేది. నా ఒంటి మీద చొక్కా మాత్రం ఉండేది కాదు.

మా ఆవిడ బాధ వేరు. "మీ మేనకోడలు బొద్దుపిల్ల. ఆ నడుం పెట్టుకుని గంపేం ఎత్తుతారు మీరు? హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు పొద్దున్నే ఆసనాలు నేర్పిస్తన్నాడంట, పోండి" అంది. ఆసనం మాటకేం గానీ, నాకు వింటేనే ఆయాసం వచ్చింది. అయినా వెళ్లాను.

హైస్కూలు వరండాలో అందరూ బనీన్లతో, కొందరు అవి కూడా లేకుండా, జంపఖానాల మీద కూర్చుని ఉన్నారు. నేను గుండీలన్నీ పెట్టుకుని వెళ్లి, గోడ వారగా చేరాను.

"చొక్కా తియ్యవయ్యా" అన్నాడు మాస్టారు.

"జలుబండీ."

"రేపు?"

"రేపు కూడా ఉండేట్టుంది."

మాస్టారు రెట్టించలేదు. "సరే, నీది చొక్కాసనం" అని ముందుకు సాగిపోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మణికట్టు గుండీలు సరిచూసుకున్నాను.

కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు సర్వాంగాసనం చేయించాడు. భుజాల మీద ఆనుకుని కాళ్లు ఆకాశంలోకి ఎత్తాలి. ఎత్తాను. ఎత్తిన తరువాత గానీ నా చొక్కాకు కూడా ఆసనం వచ్చునని తెలియలేదు. అది నడుం మీద నుంచి జరజరా జారి నా ముఖం మీద పడింది. పొట్ట, దాని మీది మచ్చలు ఊరందరికీ బయలు. నేను మాత్రం గుడ్డకింద చీకట్లో. ఎవరు చూస్తున్నారో తెలియదు. దిగితే వాళ్ల ముఖాలు చూడాలి. అందుకని దిగలేదు. మెడ నరాలు లాగుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అయినా దిగలేదు.

"చూడండి, కొత్తవాడైనా చొక్కాసనం ఎంతసేపు నిలబెట్టాడో" అన్న మాస్టారి గొంతు వినిపించింది. భయానికి అంత మెచ్చుకోలు దొరకడం అదే మొదటిసారి.

చివరికి కూలబడి, చొక్కా తొలగించి చూశాను. అందరూ ఇంకా తలకిందులుగానే ఉన్నారు. ఎవరి చూపు వాళ్ల బొటనవేళ్ల మీద ఉంది.

ఊపిరి పీల్చుకున్నాను గానీ, అది మర్నాటిదాకానే. నా పక్కన ఆసనాలు వేసే బట్టల షాపు సాయిబు తన జంపఖానాను వరండా అవతలి చివరకు మార్చుకున్నాడు. చూసేశాడన్నమాట. ఆ రోజంతా ఆఫీసులో ఏం రాశానో నాకే తెలియదు. రెండో రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం లేదన్నా," అన్నాడు మొహమాటపడుతూ, "శవాసనంలో నువ్వు గురక పెడతన్నావు. శవం గురక పెట్టుద్దా ఏంది? నాకు చానా ఇబ్బందిగా ఉంది."

"మరి నా మచ్చలు?"

"మచ్చలా? నువ్వు చేతులెత్తినప్పుడు మొదటి రోజే చూశాగా. మెడ వెనక కూడా ఉందొకటి."

మెడ వెనక ఉన్న సంగతి నాకే తెలియదు. ఆ మర్నాడు చొక్కా విప్పాను. విప్పేటప్పుడు గుండీలు ఒక పట్టాన దొరకలేదు.

మాస్టారు ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఊపిరి గమనించమనేవాడు. ఆ చేతిని సబ్బు రుద్దడానికి తప్ప నేను ముట్టుకుని ఎన్నేళ్లయిందో. పొట్టతో పాటు లేస్తూ దిగుతూ ఉంటే, ఏ తప్పూ చేయకుండానే బడి బయట నిలబెట్టిన పిల్లవాడిలా కనిపించింది. జాలేసింది. పోనుపోను ఆ జాలి ఇష్టంలోకి దిగింది. స్నానం చేశాక దానికి కాస్త కొబ్బరినూనె రాసేవాణ్ణి. మా ఆవిడ చూసి, "ఎవరికో ఆ సేవ?" అంది. నాకే అన్నాను. భయం పోయిందని చెప్పను. భయపడుతూ కూడా ఊపిరి తీయడం వచ్చింది.

వైశాఖంలో పెళ్లి. బావ స్వయంగా వచ్చి నా చేతుల గుండీలు సరిచూసి వెళ్లాడు. గంప ఒకవైపు నేను, రెండోవైపు పిన్ని కొడుకు పట్టుకున్నాం. పట్టుచొక్కా, ఎండ, చెమట. నాలుగడుగులు వేసేసరికి చొక్కా చెయ్యి గుప్పిట్లోకి జారి గంప అంచు పట్టు తప్పుతోంది.

"మామయ్యా, నేను జారుతున్నా" అంది పిల్ల గంపలోంచి, తల వంచుకునే. "చేతులు పైకి మడుచుకోరాదూ."

మగపెళ్లివాళ్లంతా ఎదురుగా ఉన్నారు. గంప దించాం. ఊపిరి నిండా తీసి, చొక్కా చేతులు రెండూ మోచేతుల దాకా మడిచాను. బావ ముఖం తెల్లబడింది, నా మచ్చలకన్నా. గంప ఎత్తుకుని కదిలాను. పందిరి వాకిట్లో పెళ్లికొడుకు నాయనమ్మ నా చేతులకేసి తేరిపార చూసింది.

"తల వంచు నాయనా," అంది ఆవిడ, "మామిడాకులు తగులుతయ్."

పీటల మీద నుంచి ఎవరూ లేవలేదు.

మూడోనాడు అక్క ఇంట్లో కొత్తల్లుడికి చేపల పులుసు. బావ రెండుసార్లు వడ్డించుకుని, కునుకు తీసి లేచి, ఎప్పటిలాగే చిక్కటి కాఫీ అందుకున్నాడు. సగం తాగేదాకా ఆగాను.

"బావా, అక్క కాఫీలో పోసేది గేదె పాలేనా?"

గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. "కాఫీ వేరురా, పాలు వేరు" అన్నాడు.

"అంతే బావా, అంతే" అన్నాను.

సాయంత్రం వాకిట్లో వెలుతురుకు ముంజేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కనిపించాడు. మర్నాడు, మాచర్ల రాళ్లు పేలిపోయే ఎండలో, బావ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. గుండీలు కూడా పెట్టుకున్నాడు. నేను అరుగు మీద బనీనుతో కూర్చుని ఉన్నాను.

"జలుబా బావా?" అన్నాను.