జిడ్డంటిన పేజీ

జిడ్డంటే సెవ్జిద్‌కి చిన్నప్పటినుంచీ ఒళ్లు జలదరింపే. గొర్రెకొవ్వు తిని బతికే దరిగంగ గడ్డిమైదానంలో పుట్టిన మనిషికి ఇదేం రోగమో! తిన్నాక చేతులు మూడుసార్లు తోముకుంటే గానీ స్థిమితం ఉండదు. వాళ్లు మందలతో దిగే శరత్కాలపు విడిది దగ్గరున్న రాతిమనిషికి, అంటే పూర్వీకుల విగ్రహానికి, తల్లి దుల్మా ఏటా వెన్న పూస్తుంటే మొహం తిప్పుకునేది. ఆ రాతికి తల లేదు.

"లారీలో వచ్చినవాళ్లు తల కొట్టి పట్టుకుపోయారే. మూతి లేదని మెడకి పూస్తున్నా. నేను పోయేలోగా ఒక్కసారైనా నోటికి పెట్టాలి," అనేది దుల్మా.

జిల్లా మ్యూజియంలో పాత తవ్వకాల నోటుపుస్తకాలు చూసుకోవడం సెవ్జిద్ ఉద్యోగం. ముప్పై ఆరేళ్లుగా అమ్మ చెప్పిన తల కోసం వాటిని గాలిస్తూనే ఉంది. ఏం రాతలవి, ఛీ! జనం తరతరాలుగా పూసిన వెన్నను, ఫొటో బాగా రావాలని తవ్వకాలవాళ్లు ఇనుప బ్రష్షుతో గీకేశారట. అదో ఘనకార్యమన్నట్టు రాసుకున్నారు. చదివి విసుగొస్తే, బల్ల పక్కనున్న ఎక్కడిదో తెలియని రాతి తల మీంచి టోపీ తీసుకుని ఇంటికి పోయేది. గోదాంలో అలాంటి తలలు బోలెడు.

ఈ వసంతంలో ప్రతి పేజీ స్కాన్ చేయమని ఉత్తర్వు వచ్చింది. ఒక పుస్తకంలో రెండు పేజీలు కొవ్వు కారి అతుక్కుపోయాయి. రాసినవాడు డైరీ మీదే మాంసం పెట్టుకు తిన్నాడు, మహానుభావుడు! వాటినామె ఏనాడూ ముట్టుకోలేదు. ఇప్పుడు తప్పక, ముక్కు మూసుకుని, పలుచటి కత్తితో విడదీసింది.

"పద్నాలుగో విగ్రహం. లారీలో పట్టలేదు. తల కొట్టి తెచ్చాం. విడిదిలోని దుల్మా అనే కోడలు ఏడుస్తూ లారీ వెంట పరిగెత్తింది."

పద్నాలుగో నంబరు వేసిన తల తాలూకు మ్యూజియం కార్డు తీసింది. 'దొరికిన చోటు తెలియదు.' చేతిరాత తనదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జిడ్డు పేజీ తెరవలేక అలా రాసి పడేసింది. ఈసారి తన మీద తనకే రోత.

"ఊరుకో అక్కా, ఎవడు చూడొచ్చాడు? రిటైరయ్యే ముందు ఎందుకొచ్చిన గొడవ? మన పరువే పోతుంది," అన్నాడు సంగతి విన్న మ్యూజియం డైరెక్టర్ చోయిజిల్.

"నీ పరువు తగలెయ్య! అక్కడ మా అమ్మ తల లేని రాతి మెడకి వెన్న పూస్తోందిరా!"

కార్డు మీది మాట కొట్టేసి, విడిది పేరు రాసి, 'పొరపాటు నాది' అని సంతకం పెట్టింది.

మర్నాడు తల్లిని తీసుకొచ్చింది. దుల్మా ఆ రాతి తల బుగ్గలు తడిమింది.

"ఇన్నేళ్లూ ఎక్కడుందే ఇది?"

"ఇక్కడేనమ్మా, నా బల్ల పక్కనే. టోపీ తగిలించేదాన్ని."

దుల్మా కూతురి మొహం చూడలేదు. వెన్న పొట్లం విప్పి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు."

సెవ్జిద్ వేళ్లతో వెన్న తీసి రాతి పెదాలకి రాసింది. ఆ రోజు చేతులు కడుక్కోలేదు.