అండాలు మాత్రమే అడిగినాయన

తిరుత్తణి బస్టాండులో ఇరవై ఏళ్ళకు పైగా టైంకీపరుగా ఉన్నాయన పోయిన మంగళవారం తెల్లవారుతుండగా కన్నుమూశాడు. ఆ కబురు పళ్ళిపట్టులో ఉన్న నాకు మొదటి బస్సు కండక్టరు ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి వెంటనే పోలేదు. వీధిలో డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఇతను మాత్రం మా అరుగు మీద కూర్చుని తువాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను పోతే బస్సు ఆపి ఏడ్చే కండక్టరు ఒక్కడైనా ఉంటాడా అని నాకు అప్పుడే అనిపించింది. చావు కబురు విన్న పూట రావలసిన ఆలోచన కాదు. కానీ ఆయన మీద నాకున్న అసూయ నిన్నటిది కాదు. దాన్ని దాచిపెట్టి నాలుగు మంచి మాటలు రాస్తే, అది ఆయన్ని గురించి రాసినట్టు కాదు.

ఆడికృత్తిక పండక్కి కావళ్ళతో తిరుత్తణి కొండకు పోయేవాళ్ళకు అన్నం పెట్టడానికి మా నాయన ఒక ధర్మసంఘం పెట్టాడు. ఆయన తర్వాత అది నా చేతికి వచ్చింది. సంఘమంటే ఒక గది, ఒక బోర్డు, నాలుగు ఇత్తడి అండాలు. ఒక్కో అండాలో నూరుమందికి అన్నం ఉడుకుతుంది, మూతి చుట్టూ మా నాయన పేరు కొట్టించి ఉంటుంది. నేను బడికి పోయినవాణ్ణి కాను. అంగట్లో పొట్లం కట్టిచ్చిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు ఏ కథకూ మొదలు తెలియదు, చివర తెలియదు, మధ్యలో చింతపండు మరక మాత్రం బాగా తెలుసు. టైంకీపరేమో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ అచ్చు వేసినట్టు రాసేవాడు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

డెబ్బైల్లో ఒక తుపానుకు తిరుత్తణి పక్కన ఏటి ఒడ్డున గుడిసెలు కొట్టుకుపోయాయి. నేను అండా నిండా పొంగలి వండించుకుని బయల్దేరాను. పొదటూరుపేట నేతసంఘం వాళ్ళు వ్యానులో వచ్చారు, పొంగలితోనే. తిరువళ్ళూరు నుంచి కాన్వెంటు సిస్టరమ్మలు వచ్చారు, వాళ్ళదీ పొంగలే. ఆ పూట అక్కడి పిల్లలు మూడు పొంగళ్ళు తిని కడుపులు పట్టుకున్నారు. కప్పుకోవడానికి మాత్రం ఒక్క దుప్పటి లేదు, నేతగాళ్ళే వచ్చి కూడా.

మా మూడు బండ్లూ బస్టాండు ముందు నుంచే పోవడం టైంకీపరు చూశాడు. మరునాడు కండక్టర్ల చేత ముగ్గురికీ చీటీలు పంపించి టీ అంగడికి పిలిపించాడు. ముందు చేతిగడియారం చూసుకున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగినా సరే, గడియారం చూసుకుని గాని జవాబు చెప్పే మనిషి కాదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“ఒగే ఊరికి ఒగే టైముకు మూడు బండ్లు ఇడిస్తే నా ఉద్దేగం పోతాది గదన్నా. మీరు ఇడిచినారే.”

సిస్టరమ్మ నవ్వేసింది. నేతసంఘం ప్రెసిడెంటు తల గోక్కున్నాడు. ఇంత చిన్న మాట నాకెందుకు తోచలేదా అని నేను రగిలిపోయాను.

అప్పటి నుంచి ఎవరూ ఒంటరిగా బయల్దేరలేదు. ఎవరి దగ్గర ఏముందో ఆయన తలకాయలో ఉండేది. చీటీ ఒక బస్సులో పోతే జవాబు ఇంకో బస్సులో వచ్చేది. ఆయనకు సంఘం లేదు, బోర్డు లేదు, ఇవ్వడానికి చెవిలో పెట్టుకున్న పెన్సిల్ తప్ప ఏమీ లేదు. అయినా అందరూ ఆయన మాటకే కదిలేవాళ్ళు. తిరుత్తణిలో ఒక బళ్ళో కంటి క్యాంపు పెట్టాలనుకున్నప్పుడు సిస్టరమ్మల్ని వాళ్ళ ఆసుపత్రి డాక్టర్నీ నర్సుల్నీ అడిగాడు, నేతసంఘాన్ని కట్లకు గుడ్డ, దుప్పట్లు అడిగాడు, కవరైపేట్టై ఫ్యాక్టరీ పనివాళ్ళను మంచాలు అడిగాడు. నన్ను అండాలు అడిగాడు. భోజనాల భారమంతా నాదే, వాకిట్లో మా నాయన పేరుతో ఒక గుడ్డ బ్యానరు కడితే చాలు అన్నాను.

“అంతా నీ నెత్తిన ఏసుకోవద్దన్నా. బియ్యం యాడనో ఒగచోట కుదురుతాది. నువ్వు అండాలు ఇయ్యి, సాలు.”

వంటపాత్రలు బాడుగకిచ్చే అంగడివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడని వారం రోజులు మా ఆవిడ దగ్గర సణిగాను. అయినా అండాలు తీసుకుపోయాను. అవి సొట్టపోతాయేమోనని వారమంతా అక్కడే ఉన్నాను. పక్కన ఊరికే నిలబడలేక గరిటె కూడా పట్టుకున్నాను.

మరుసటి ఏడు ఆయన క్యాంపు పెట్టిన ఆదివారమే నేను పళ్ళిపట్టులో సొంతంగా ఇంకో క్యాంపు పెట్టాను. మైకు, బ్యానరు, పాయసంతో భోజనం, అన్నీ నావే. పట్నం నుంచి పిలిపించిన డాక్టరు మధ్యాహ్నందాకా అందరి కళ్ళలో మందు వేసి చూశాడు, వీళ్ళకు ఆపరేషన్ చేయాలి, ఆసుపత్రికి తీసుకుపొండి అని చెప్పి రైలుకు టైమైందని వెళ్ళిపోయాడు. నా దగ్గర మంచాల్లేవు, నర్సుల్లేరు. మందు పడిన కళ్ళు మూసుకుని వాళ్ళంతా పందిట్లో కూర్చున్నారు. శనక్కాయలు ఒలిచే కూలికి పోయే ఒక అవ్వ నా పంచె పట్టుకుంది.

“అన్నం బాగుండాది నాయనా. కన్ను ఎప్పుడు కోస్తారు?”

నేను చీటీ రాయడానికి కూర్చున్నాను. మొదటి చీటీలో తప్పంతా డాక్టరుది. చించేశాను. రెండోదాంట్లో వాతావరణం గురించి రాశాను. అదీ చించేశాను. మూడోది, “ఆపరేషన్ చేయాల్సినవాళ్ళు ఇరవైమంది ఉన్నారు. నా వల్ల కాలేదు. ఏం చేయమంటావు?” దాన్ని మడిచి మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చాను. సాయంత్రం బస్సు సగం సీట్లు ఖాళీగా వచ్చింది. అవి మా వాళ్ళ కోసం ఆపి పంపినవని కండక్టరు చెప్పాడు. తిరుత్తణిలో దిగేసరికి టైంకీపరు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని మెట్లు దించుతున్నాడు. నన్ను దెప్పుతాడని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

“అండాలు తెచ్చినావా అన్నా? తినేవాళ్ళు ఎక్కువైనారు గదా.”

బస్సు పైన ఉన్నాయి. తేకుండా ఎలా ఉంటాను?

అవ్వ కంటి కట్టు విప్పిన రోజు ఆమెకు ముందుగా కనబడింది ఆయన మొహం. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆయన వెనక గరిటెతో నిలబడ్డవాణ్ణి నేను. ఆ మొక్కులో కొంచెమైనా పక్కకు జారి నా మీద పడుతుందేమోనని చూశాను.

ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆయన రిటైరయ్యే ముందు, టీ అంగట్లో అడిగేశాను, నన్ను ఏనాడూ డబ్బు అడగలేదేమని. ఆయన తన టీలో సగం పక్కనున్న కండక్టరు గ్లాసులో పోశాడు, రోజూ పోసినట్టే.

“డబ్బు అడిగితే మనిషి చేత పంపిచ్చేస్తావు. మీ నాయన పేరుండే అండాను ఇంగొకడి చేతికిచ్చి నువ్వు ఇంట్లో నిద్రపోతావా? నువ్వే వస్తావు. నాకు కావాల్సింది నువ్వు గదన్నా.”

మూడు రోజులు కోపంగా ఉన్నాను. ఇంత తేలికగా చదివేసే మనిషి మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది? నాలుగో రోజు పోయి అండాలకు కళాయి పూయించి పెట్టుకున్నాను. మనసులో మాత్రం ఒకటి మిగిలిపోయింది. మనుషుల్ని ఈ రకంగా కోరుకోవడం ఆయనకు ఎవరు నేర్పారు, నాకెందుకు నేర్పలేదు?

మంగళవారం ఆయన వీధికి పోయేసరికి అడుగు పెట్టే చోటు లేదు. సిస్టరమ్మా, ప్రెసిడెంటూ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. మిగతా వీధంతా క్యాంపుల్లో కళ్ళు చేయించుకున్నవాళ్ళే. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన దళసరి అద్దాల వెనక ఒక్కొక్కరి కళ్ళూ ఇంతింత పెద్దవిగా కనబడుతున్నాయి. పాడె లేచేసరికి అందరికీ ఏడుపొచ్చి, తుడుచుకోవడానికి ఆ అద్దాలు తీసేశారు. అవి లేకపోతే వాళ్ళకు లోకమంతా మసకే. ఎవరి పక్కన ఎవరున్నారో తెలియక, అందిన చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. నేనెరగని ముసలమ్మ ఒకామె నా మోచెయ్యి పట్టుకుని, ఎవరు నాయనా అని అడిగింది. ఆమె చీరకొంగుతో అద్దాలు నిదానంగా తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేదాకా నేను చెయ్యి కదపకుండా నిలబడ్డాను.