మా బావ ఫ్రూయిషన్

మా బావ బొగ్గుగనిలో పనిచేసేవాడు. రామగిరి దగ్గర కట్టిస్తున్న ఇల్లు ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా, మీసం దువ్వుకుంటూ "ఫ్రూయిషన్‌కు వస్తున్నది" అనేవాడు. ఏదో మీటింగులో ఆఫీసరు నోట విన్న ఆ ఇంగ్లిషు మాటకు, కాయ పండడమని ఆయనే అర్థం చెప్పుకున్నాడు. ఏళ్లు గడిచినా ఆ ఇల్లు మాత్రం పండలేదు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఉక్కపోతలో అక్క ఎదురుచూస్తూనే ఉండేది.

ఇంగ్లిషు పాఠాలు చెప్పేవాణ్ని కదా, ఒకసారి ఊరుకోలేక సరిదిద్దాను.

"బావా, అది ఫ్రూటు నుంచి రాలేదు. ఇప్పుడు నెరవేరడమనే వాడుతున్నారు గానీ, దాని పాత అర్థం అనుభవించడం."

"అనుభవించుడా? మరి గిన్ని రోజులు చెప్పవేంది బామ్మర్దీ!"

మరుసటి వారమే సామాను ట్రాలీలో వేసుకుని, అక్కను తీసుకుని ఆ ఇంట్లో దిగాడు. కిటికీలకు సిమెంటు సంచులు, వాకిలికి పాత చీర. చూడ్డానికి వెళ్తే అక్క నన్ను కొట్టినంత పని చేసింది.

"తలుపుల్లేని ఇంట్ల ఎట్లుంటరు తమ్మీ? నీ ఇంగ్లిష్ పాడుగాను!"

జాలేసి, సాయంత్రం వెళ్లేముందు పిలిచాను. "తలుపులు పెట్టేదాకా మా ఇంటికి రా అక్కా."

అక్క అప్పటికే మెట్ల మీద కాళ్లు చాపుకుని, జుట్టు విప్పుకుని కూర్చుంది.

"నువ్వు పో తమ్మీ. మాకిక్కడ గాలి మంచిగొస్తున్నది."