కొత్తవర్గం గోడ

"నీ యెనకాల ఎన్ని ఓట్లున్నాయోయ్, వరదానం?" అని వార్డు మెంబరుగా పోటీ చేస్తున్న సింగన్న ఒకనాడు నడిరోడ్డు మీద నిలదీశాడు. వరదానానికి ఉన్నవి ఒక సున్నం డబ్బా, నాలుగు కుంచెలు, తన సొంత ఓటు.

నర్సీపట్నంలో మిషన్ చర్చి మొదలు బియ్యం మిల్లుల దాకా గోడలకు వెల్ల వేసేది ఆయనే. యజమానికి కూలి కాస్త తగ్గించి, కొత్తగా వెల్ల వేసిన గోడను బొమ్మల పిచ్చి ఉన్న కుర్రకారుకు పదిహేను రోజులు ఇప్పించేవాడు. గడువు తీరితే ఎంత గొప్ప బొమ్మైనా తనే సున్నం కొట్టేసి ఇంకొకరికి అప్పగించేవాడు. కళ శాశ్వతమని ఉపన్యాసాలు దంచినవాళ్ళెవరూ ఈ పిల్లలకు జానెడు గోడ ఇప్పించిన పాపాన పోలేదు.

1981 పంచాయతీ ఎన్నికలు రాగానే ప్రచార రాతల కోసం గోడలకు గిరాకీ పుట్టింది. ముందుగా "రిజర్వు" అని రాసినవాడిదే గోడ. ఎదుటివర్గం కూడా దాన్ని ముట్టుకోదు. టైపు నేర్చుకుంటున్న కరుణకుమారి అప్పటికే బలిఘట్టం రోడ్డులో తన మొదటి బొమ్మ సగం వేసింది. అది చెరిగిపోకుండా వరదానం ఓ మూల "ఈ గోడ రిజర్వు – కొత్తవర్గం" అని రాసేశాడు. అలాంటి వర్గమేదీ లేదు.

బొమ్మలో ఉన్నది పాలమ్మే జోగులమ్మ, గేదెతో సహా. సింగన్న దాన్ని చూసి కొత్తవర్గం అభ్యర్థి ఎవరో తేల్చేసుకున్నాడు. వరదానాన్ని ఓట్ల లెక్క అడిగింది అప్పుడే.

"ఓట్ల సంగతి నాకేటి తెలుసండి?"

"జోగులమ్మని నిలబెడతన్నారేటి? సగం వార్డుకి పాలు పోసేది అదే గదా! బేగి తుడిసెయ్."

"తుడిస్తే వర్గానికి కోపమొత్తాదండి. గడువు తీరాక నానే సున్నం కొట్టేత్తాను."

లేని వర్గానికి జడిసి సింగన్న గోడ జోలికి పోలేదు. తిన్నగా జోగులమ్మ దగ్గరకెళ్ళి వంద రూపాయలు చేతిలో పెట్టాడు.

"మిగతాది ఎలచ్చన్లయ్యాక. ఈలోగా నన్ను ఇబ్బంది పెట్టకే."

"ఇత్తానన్నాక నానెందుకు పెడతాను బాబూ?" అంది ఆమె. ఏడాదిగా ఎగ్గొడుతున్న పాలబాకీ బాబుకు ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందని మురిసిపోయింది.

బొమ్మ పూర్తయ్యాక జోగులమ్మ చూడ్డానికి వచ్చి, "గేదె బాగుంది గానీ పిల్లా, నానింత నలుపేటే?" అని కరుణకుమారిని నిలదీసింది.

"గేదెని ఇంకా నలుపు సెయ్యమంటావేటి, అప్పా?"

గడువు తీరిన మర్నాడు వరదానం గోడంతా తెల్లగా చేసేశాడు. తన వంద పనిచేసిందని సింగన్న మీసం దువ్వుకున్నాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. పాలబాకీలో జోగులమ్మకు ఇంకా అరవై రెండు రూపాయలు రావాలి.