గొట్టంలో మిగిలిన తుపాకి మందు

మా అన్న లాడీ మచాలా పేరెత్తితే మా ఊళ్ళో ఇప్పటికీ ఒకటే మాట అంటారు: సొంత మేనకోడలి కన్ను పోగొట్టినవాడని. అబద్ధం. అది అబద్ధమని నాలుగేళ్ళుగా నాకు తెలుసు. ఆ మేనకోడలు నా కడుపున పుట్టిన పిల్లే. అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను. విన్నవాళ్ళు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను.

ముందు మా అన్న ఎలాంటి మనిషో చెప్పాలి. నలభై ఏళ్ళు కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే యంత్రం నడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏమయ్యా ఎందుకని ఎవరైనా అడిగితే, "నా బల్ల ఇంకొకరు ముట్టుకుంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆ బల్ల జోలికి రాని ఆడది ఎక్కడుందో చూపించండి, రేపే చర్చికి తీసుకెళ్తా" అనేవాడు. ఆ బల్ల ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండేది. దాని మీద తూటాలు నింపేవాడు. ఒకసారి కాల్చేసిన ఇత్తడి గొట్టాలను ఏరుకొచ్చి, కడిగి, కొలిచి, కొత్త మందు పోసి, మూతిలో గుండు బిగించి మళ్ళీ కాల్చడానికి సిద్ధం చేయడం అన్నమాట. కొట్లో అమ్మే తూటాలు ఆయన కంటికి ఆనేవి కావు. "కొట్టువాడికి మన పంది తెలుసా?" అని నవ్వేవాడు.

మా లవాకా నది ఒడ్డు పందులంటే ఆషామాషీ కాదు. మార్చిలో మొక్కజొన్న విత్తిన మర్నాటికల్లా దిగుతాయి. సాలు వెంట ముట్టె ఆనించుకుంటూ ఒక్కో గింజా ఏరి తినేస్తాయి. మళ్ళీ విత్తితే మళ్ళీ వస్తాయి. ముదిరిన మగపందికి భుజాల మీద చర్మం కింద బొటనవేలంత మందాన గట్టి పొర ఉంటుంది, తేలికపాటి గుండు అందులోనే ఆగిపోతుంది. లాడీ దానికి తగ్గ బరువైన గుండు వాడేవాడు, దానికి సరిపడా మందు చిన్న త్రాసులో తూచి పోసేవాడు. తెల్లవారేసరికి చేను గట్టున బకెట్ బోర్లించుకుని కూర్చునేవాడు. ముందు నడిచే ముసలి ఆడపందిని కొడితే తక్కిన మంద దిక్కు తోచక ఒక్క క్షణం నిలబడుతుంది. ఆ క్షణంలో ఇంకో రెండు. దెబ్బ తిని పొదల్లో దూరినదాన్ని మాత్రం ఎన్నడూ వదిలి రాలేదు. ముళ్ళలో పాక్కుంటూ వెళ్ళి ముగించి వచ్చేవాడు. "నొప్పి దానికీ నొప్పేనే అల్బీ" అనేవాడు నాతో.

బల్ల దగ్గర ఆయన పద్ధతులు ఆయనకుండేవి. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా. పని అయిపోగానే మందు దించే గాజు గొట్టం ఖాళీ చేసి తుడవాలి. నింపిన ప్రతి పెట్టెలోనూ పెన్సిల్‌తో చీటీ: ఏ మందు, ఎంత తూకం, ఏ తేదీ. ఒకడు నింపిన తూటా ఇంకొకడు కాల్చకూడదని మా వైపు తుపాకి పట్టిన ప్రతివాడికీ తెలుసు. లాడీ నింపినవైతే కళ్ళు మూసుకుని తీసుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. నా చేతులు ఊరుకోవు. ఎవరింటికి వెళ్ళినా సింకులో గిన్నెలు కనబడితే తోమేస్తాను, అడిగినా అడక్కపోయినా. "నిన్ను శవపేటికలో పడుకోబెట్టినా లేచి మూత తుడుస్తావే" అనేవాడు మా ఆయన ఆంటన్. ఆయన పోయి పదేళ్ళయింది. అప్పటి నుంచీ వ్యవసాయమంతా మా అమ్మాయి మార్సెలాదే. మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చి ట్రాక్టరెక్కింది. మేనమామ దగ్గరే తుపాకి నేర్చుకుంది. ఊళ్ళో మగవాళ్ళకు దీటుగా కొట్టేది. దాని గురించి చెప్పేటప్పుడు లాడీ మొహం వెలిగిపోయేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం లాడీకి గుండెల్లో నొప్పి వచ్చింది. అప్పుడు పిస్తోలు తూటాలు నింపుతున్నాడట, బోనులో పడ్డ పందుల కోసం. పిస్తోలు మందు వేరు, రైఫిల్ మందు వేరు. పిస్తోలుది గుప్పున మండిపోయే రకం, రైఫిల్‌లో పడితే ఇనుమే చీలిపోతుంది. డబ్బాలో ఉన్న చివరి మందంతా గాజు గొట్టంలో పోసి, ఖాళీ డబ్బా చెత్తబుట్టలో పడేసి, పని సగంలో ఉండగా కుప్పకూలాడు. మార్సెలాయే కారులో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తించింది. అయిదు రోజులు అక్కడే ఉన్నాడు.

కుక్కకు తిండి పెట్టడానికి నేను ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. మూడోరోజు షెడ్డు తలుపు తీశాను. జన్మలో ఎన్నడూ నన్ను గడప దాటనివ్వని చోటు. ఊరుకుంటానా? బల్ల తుడిచాను, నేల ఊడ్చాను, చెత్తబుట్ట పారబోశాను. గాజు గొట్టంలో సగం దాకా మందుంది. చెమ్మ పట్టి పాడవుతుందేమో అనుకున్నాను. అరలో ముందు వరసలో ఉన్న డబ్బా మూత తీసి చూస్తే సన్నటి నల్లపూసలు. గొట్టంలోనూ సన్నటి నల్లపూసలే. ఇందులోదే కాబోలని పోసేశాను. వేలితో తట్టి తట్టి, చివరి పూస దాకా పోశాను. చేసిన పనికి మురిసిపోయాను కూడా.

ఇంటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "నా బల్ల ముట్టుకున్నావుటే?"

"తుడిచాను. అంత దుమ్ములో ఎలా పనిచేస్తావయ్యా నువ్వు?"

"గొట్టంలో మందేం చేశావు?"

"డబ్బాలో పోశా."

"ఏ డబ్బాలో?"

"దాని డబ్బాలోనే. ఆ మాత్రం తెలీదూ నాకు?"

అది దాని డబ్బానో కాదో నాకు తెలియదు. తిట్లు తప్పించుకోవడానికి అలా అన్నాను. పిస్తోలు మందు డబ్బా ఇంకొకటి అరలో వెనక వరసలో ఉంది. ఆయన దాన్నే అనుకున్నాడు. నా మాట నమ్మాడు.

మార్చి రెండోవారంలో మార్సెలా ఆయన వాకిట్లో నిలబడి అరిచింది. "మావయ్యా! పంది దిగింది. పడమటి చెక్కలో ఆరు సాళ్ళు నాకేసింది. నీ గుండెజబ్బు తర్వాత చూసుకుందాం గానీ తూటాలియ్యి!"

"ఓసి నీ దుంపతెగ, చచ్చేవాడి మీద కూడా జాలి లేదటే నీకు? రెండ్రోజులాగు, ఇరవై నింపి ఇస్తా."

రెండోరోజుకి నింపి, చీటీ పెట్టి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే మార్సెలా పికప్ బండి చేను గట్టున ఆపి, వెనక తొట్టిలో కూర్చుంది. నేను వంటింట్లో పళ్ళగుజ్జు పెట్టి కాల్చే కొలాచీ రొట్టెలకు పిండి పిసుకుతున్నాను. చప్పుడైంది. నలభై ఏళ్ళుగా తుపాకి చప్పుళ్ళు వింటున్నదాన్ని. ఇది ఆ చప్పుడు కాదు. చేతులకు పిండి అలాగే ఉంది, పరిగెత్తాను. బండి తొట్టిలో అది కూర్చునే ఉంది, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. తూటా కూర్చునే గది చీలిపోయి రైఫిల్ పక్కన పడి ఉంది.

"అమ్మా, నా మొహానికేదో అంటుకుంది, తీసెయ్యమ్మా" అంది.

అంటుకున్నది కాదు. చీలిన ఇనుప ముక్క కుడికంట్లో దిగింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం దాని బట్టలు తీసుకుపోవడానికి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ లాడీ షెడ్డులో దీపం చూసి ఆగాను. బండిలో మిగిలిన పందొమ్మిది తూటాలూ తెచ్చి ఆయన విప్పేశాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద పందొమ్మిది చిన్న కుప్పలు పోశాడు. భూతద్దం పెట్టుకుని చూస్తున్నాడు. మొదటి మూడు కుప్పల్లో పూసలు మరీ సన్నగా ఉన్నాయట, పేలింది కూడా ఆ కోవలోదే అయుంటుందట. మార్సెలా ఎలా ఉందని అడగలేదు. "అల్బీ, ఏ డబ్బాలో పోశావు?" అని అడిగాడు.

వేలు చూపించాను. రైఫిల్ మందు డబ్బా అది.

"నేనే చేశాను అన్నయ్యా! నా చేతులు విరిగిపోనూ! నా పిల్లను నేనే..."

"అరవకు. కూర్చో." భూతద్దం తీసి కుప్పల పక్కన పెట్టాడు. "విను. నువ్వు పోశావు. తూచేటప్పుడు చూడాల్సింది నేను. చూళ్ళేదు. నీ మాట మీద వదిలేశాను. సగం నాదే. మిగతా సగం కూడా నా మీదే ఉండనీ. దానికి తండ్రి లేడు, మొగుడు లేడు. రేపు కట్లు విప్పేటప్పుడు పక్కన ఎవరుండాలి? నన్ను చూసి మొహం తిప్పుకుంటే దానికి పోయేదేం లేదు. నిన్ను చూసి తిప్పుకుంటే ఎవరున్నారు దానికి?"

"వద్దన్నయ్యా, నేను చెప్పేస్తాను."

"ఇప్పుడు కాదే. కాస్త కోలుకోనీ. మొక్కజొన్న కోతలయ్యాక చెబుదువుగాని."

మర్నాడు ఆయనే ఆసుపత్రికి వెళ్ళి దాని మంచం పక్కన నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని. "మార్సెలా, మందు తప్పు పోశానమ్మా. నాదే" అన్నాడు. అది రెండో కంటితో ఆయన్నే చూసింది. "నువ్వు నింపావని చూసుకోకుండా పెట్టాను మావయ్యా" అంది. గోడవైపు తిరిగి, "వెళ్ళిపో. మళ్ళీ రాకు" అంది. నేను అక్కడే ఉన్నాను. దాని దుప్పటి సర్దుతున్నాను.

కోతలయ్యాయి. గాజుకన్ను పెట్టించాక చెబుదామనుకున్నాను. పెట్టించాం. పండుగ పూటా ఎందుకులే, క్రిస్మస్ వెళ్ళాక అనుకున్నాను. మళ్ళీ విత్తనాలొచ్చాయి, అప్పుడు దానికి ఊపిరాడని పని. ఏదో ఒకటి దొరికేది నాకు. అసలు సంగతి, నా కూతురు నన్ను చూసి "వెళ్ళిపో" అంటుందని భయం. అంతే. ఇంకే కారణమూ లేదు.

లాడీ మళ్ళీ తుపాకి ముట్టలేదు. నింపే యంత్రం బల్ల నుంచి ఊడదీసి గోనెసంచిలో కట్టేశాడు. పందులు ఆయన పెరడంతా పెళ్ళగించినా కుర్చీలో కూర్చుని చూస్తుండేవాడు. చర్చి హాల్లో శుక్రవారం పేకాటకు మాత్రం వెళ్ళేవాడు. ఒకరోజు ఎడ్మండ్ షిమెక్ అనే దరిద్రుడు పేకలు కలుపుతూ, "లాడీ, ఈ కట్ట నువ్వు నింపింది కాదు గదా? మొహాన పేలదు గదా?" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వారు. లాడీ కూడా నవ్వి, తన ముక్కలు తీసుకున్నాడు. నేను పక్కనే కాఫీ పోస్తున్నాను. ఆ కాఫీ కూజా వాడి నెత్తిన బోర్లించాలన్నంత ఒళ్ళు మండింది. బోర్లించాల్సింది నా నెత్తిన.

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన మా గేటు దాకా వచ్చేవాడు. చేతిలో ఏదో ఒకటి ఉండేది. పీచ్ పళ్ళు, దోసకాయ ఊరగాయ సీసా, ఒకసారి కుక్కపిల్ల. గేటు దాటేవాడు కాదు. అయిదు నిమిషాలు నిలబడేవాడు. మార్సెలా లేచి వెళ్ళి కిటికీ తెర లాగేసేది. తెచ్చింది గేటు దిమ్మ మీద పెట్టి ఆయన వెళ్ళిపోయేవాడు. కుక్కపిల్లను మాత్రం వెనక్కి తీసుకుపోయాడు.

నాలుగేళ్ళలో ఒక్కసారే అడిగాడు. మొన్న సెప్టెంబరులో, నేను ఆయన్ని కారు ఎక్కిస్తుంటే. "ఈ ఏడన్నా చెబుతావా అల్బీ?"

"చెబుతా."

"నేనుండగా చెబితే బాగుంటుందే" అన్నాడు.

నవంబరులో పోయాడు. పెరటివైపు తిప్పుకున్న కుర్చీలో, మధ్యాహ్నం పూట. సమాధి చేసేటప్పుడు మార్సెలా రాలేదు. అందరూ దాని తప్పేం లేదన్నారు. ఎడ్మండ్ అయితే నా భుజం తట్టి, "నీ మనసు గొప్పదమ్మా, అంత చేసినా అన్నని వదల్లేదు" అన్నాడు. ఆ మాటతో నాలో ఏదో తెగింది. తిన్నగా ఇంటికి వచ్చి, నల్లబట్టలైనా మార్చుకోకుండా, వంటింటి బల్ల దగ్గర దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. షెడ్డు, గొట్టం, డబ్బా, "ఆ మాత్రం తెలీదూ" అన్న మాట, పందొమ్మిది కుప్పలు, అన్నీ.

మార్సెలా కదలకుండా వింది. తిడుతుందనుకున్నాను. ఏదైనా విసిరికొడుతుందనుకున్నాను. అదేదైనా బాగుండేది.

"ప్రతి ఆదివారం వచ్చేవాడు గదమ్మా" అంది.

"ఊఁ."

"నేను తెర లాగేదాన్ని."

"ఊఁ."

"అప్పుడు నువ్వు ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని బఠాణీలు ఒలిచేదానివి."

కన్ను గురించి అది ఒక్క మాట కూడా అనలేదు. లేచి, మేకుకు తగిలించిన పికప్ తాళాలు తీసుకుంది.

"మావయ్యని ఎక్కడ పెట్టారు?" అంది.

"అమ్మమ్మ పక్కన. కంచె దగ్గర."

నేనూ లేచి కోటు అందుకున్నాను.

"నువ్వు రాకు" అంది.