వదులు మాస్టారు, బొత్తాం పెట్టె

ఆ వీధిలో ఆయన్ని టైలరని పిలిచేవాళ్ళు తక్కువ. వదులు మాస్టారు అనే అనేవాళ్ళు, అదీ ఆయనకి వినబడేలాగే. పిల్లల బట్టలు ఒంటికి సరిగ్గా సరిపడేలా కుట్టడం ఆయన వల్ల అయ్యే పని కాదు. టేపు ఒకటి చెబితే కత్తెర ఇంకొకటి వినేది. “ఎదిగే పిల్లాడు కదమ్మా” అంటూ భుజాల దగ్గర కాస్త, నడుం దగ్గర కాస్త, కాళ్ళ మడతల్లో ఇంకాస్త వదిలేవాడు. ఆయన కుట్టిన చొక్కాలో మొదటి ఏడాది ఇంకో పిల్లాణ్ణి దాచిపెట్టొచ్చు. తల్లులు ఆ ఏడాది విసుక్కుంటూ, మరుసటి ఏడాది మెచ్చుకుంటూ వచ్చేవాళ్ళు.

తర్వాత రెడీమేడ్ దుకాణాలు వచ్చి పిల్లలందరినీ ఎత్తుకుపోయాయి. మాస్టారి కొట్టుకి జిప్పు ఊడిన సంచులు, కురచ చేయాల్సిన కర్టెన్లు మిగిలాయి. కర్టెన్‌కి ఎంత వదిలినా ఎదగదు. ఇంటి ముందుగదే కొట్టు. పగలంతా మిషను ముందు కూర్చుని, వీధిలో బడికి పోయే పిల్లల భుజాల కేసి చూసేవాడు. “ఆ చొక్కా ఆర్నెల్లు కూడా రాదు” అని గొణుక్కోవడం తప్ప ఆ విషయంలో ఆయన చేయగలిగిందేమీ లేదు.

అలాంటి రోజుల్లో ఒక వానపూట, కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికల బుట్టలో తడిసి ముద్దయిన కుక్కపిల్ల కనిపించింది. ఎలా వచ్చిందో, ఎవరిదో తెలీదు. వచ్చిన పూటే చొక్కా బొత్తాం ఒకటి మింగి, మర్నాడు భద్రంగా తిరిగిచ్చింది. అందుకని దాని పేరు బొత్తాం అయింది.

“దీన్ని ఉంచుకుందామే” అన్నాడు మాస్టారు.

భార్య చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. “పెళ్ళయిన్నాటి నుంచి నాకిది కావాలని మీరు నోరు తెరిచి అడగ్గా నేను వినలేదు. తీరా అడిగింది ఇదా?” అంది. కానీ పాత కంచం ఒకటి వెతికి తెచ్చింది ఆవిడే.

పగలు బొత్తాం బంగారం. రాత్రి దీపం ఆర్పడమే ఆలస్యం, మెడ పైకెత్తి ఏడుపు లంకించుకునేది. మేడమీద ఉండేది ఇంటావిడ, అద్దె పుచ్చుకునేది ఆవిడే. లెక్కల టీచరుగా పనిచేసి దిగిపోయింది గానీ, ఆవిడ గొంతు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఒక పొద్దున్న చేతికర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

“మాస్టారూ, ఈ సోమవారం కాక పై సోమవారం మా అక్కయ్య వస్తోంది. ఇక్కడే ఉండిపోతుంది. ఆవిడకి నిద్ర చెడితే ఇంట్లో ఎవరికీ బతుకుండదు. ఆలోగా ఇది రాత్రిళ్ళు నోరు మూసుకుని పడుకుందా, సరే. లేదా, మంచి ఇల్లెక్కడైనా చూసి ఇచ్చెయ్యండి.”

“అలాగేనండి” అన్నాడు మాస్టారు. ఇంకేం అనగలడు? కాళ్ళ దగ్గర బొత్తాం ఆయన ప్యాంటు అంచు కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది.

పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన చల్లగా చెప్పాడు: “చెక్కపెట్టె చేయించండి. ముందువైపు ఊచల తలుపు. తిండి అందులోనే పెట్టండి, మెల్లగా అదే తన గది అనుకుంటుంది. రాత్రి పెట్టె మీ మంచం పక్కనే ఉండాలి. బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే తీసుకెళ్ళండి, మాటలు మాత్రం వద్దు. ఇక కొలత–”

“కొలత సంగతి నాకొదిలెయ్యండి డాక్టరుగారూ” అని మాస్టారు లేచాడు. ఇన్నేళ్ళుగా టేపు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నవాడికి కొలత ఇంకొకరు చెప్పాలా!

ఇంటికొచ్చి బొత్తాన్ని బల్లమీద నిలబెట్టి ముక్కు నుంచి తోక దాకా, మెడ, ఛాతీ, ఎత్తు అన్నీ తీశాడు. అది టేపు చివర నములుతూ సహకరించింది. పాదం చేతిలోకి తీసుకుని చూస్తే ఒంటికి మించిన పాదం. ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకి, ఎదిగేది ఒకటి కొట్లోకి వచ్చింది!

ఆయన ఇచ్చిన కొలతలు విని వడ్రంగి బావ చెవిలో పెన్సిలు తీసి మళ్ళీ చెవిలోనే పెట్టుకున్నాడు. “ఏరా, కుక్కా గుర్రమా?”

“పెరుగుతుందిరా బావా.”

“ఎంతదాకా?”

“ఆ సంగతి అదే చూసుకుంటుంది. నువ్వు చెయ్యి.”

పెట్టె వచ్చిన రోజు పడగ్గది తలుపు ఊడదీస్తే గానీ లోపలికి పట్టలేదు. భార్య నడుం మీద చెయ్యేసుకుని చుట్టూ తిరిగి చూసింది. “బాగుంది. నాకు కోపమొచ్చినప్పుడు మిమ్మల్ని పంపడానికి ఒక చోటంటూ ఏర్పడింది.”

ఆ రాత్రి బొత్తాం పెట్టెలో అటు చివర తడిపి, ఇటు చివరికొచ్చి పడుకుని, కాసేపటికి ఆ వాసన భరించలేక లేచి రాగం తీసింది. మంచి చెక్క కావడంతో ఏడుపుకి గమకాలు కూడా తోడయ్యాయి. మాస్టారు ఆగలేక తలుపు తీసి, “అయ్యో నాన్నా, చలేసిందా? కలొచ్చిందా?” అంటూ ఒళ్ళోకి తీసుకున్నాడు. అంతటితో దానికి కిటుకు తెలిసిపోయింది. ఏడిస్తే తలుపు తెరుచుకుంటుంది, కబుర్లు వస్తాయి.

“మీరు దానికి నేర్పుతున్నారనుకుంటున్నారు. అది మీకు నేర్పేసింది” అంది భార్య, దుప్పటి తలమీదికి లాక్కుంటూ.

పొద్దున్నే మేడమీంచి గొంతు: “మాస్టారూ! ఇదివరకు ఏడుపొక్కటే వినపడేది. ఇప్పుడు మైకు కూడా పెట్టించారా?”

ఇక లాభం లేదని భార్యే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలెట్టింది. “నిలబడాలి, చుట్టూ తిరగాలి, పడుకోవాలి. అంతే చోటు. అంతకంటే ఎక్కువుంటే ఒక మూల పడగ్గది, ఇంకో మూల పాయిఖానా. పడుకునే చోటు పాడుచేసుకోవడం కుక్కకి ఇష్టం ఉండదట. ఆయన చెప్పబోతుంటే లేచొచ్చేశారట కదా!”

“రేపు ఎదుగుతుంది కదే…”

“రేపటి కుక్కకి కుట్టించారు మీరు. రాత్రి ఏడ్చేది ఇవాళ్టి కుక్క.”

మాస్టారు లేచాడు. వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. బొత్తాం పీలికల బుట్టలో ఇరుక్కుని, వీపు ఒకవైపుకి, పాదాలు ఇంకోవైపుకి ఆన్చి నిద్రపోతోంది. గదంతా ఖాళీ ఉండగా అది ఎప్పుడూ వెతుక్కుని వెతుక్కుని ఇరుకులోకే వెళ్ళడం ఆయన రోజూ చూస్తున్నదే. చూస్తున్నాడు గానీ, ఆ చూసింది ఇప్పుడే బుర్రకెక్కింది. ఒంటికి ఆనుకుని ఏదో ఒకటి ఉంటే దానికి ధైర్యం. సరిపడా కుట్టడం పిసినారితనం అని తాను ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

సుద్దముక్క తీసుకుని పెట్టెలోకి దూరాడు. అడ్డంగా గీత గీశాడు. చెయ్యి ఊరుకోక, ఆ గీతకి అవతల ఇంకో వేలెడు వదిలి రెండో గీత గీశాడు. భార్య గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎలాంటిదో ఎరిగినవాడు గనక, రెండో గీత తుడిచేశాడు. బావ వచ్చి అక్కడ అడ్డుపలక బిగించాడు.

“ఇంత చెక్క దండగ చేయించి, పావు వంతు వాడుకుంటావా?” అన్నాడు బావ.

“లోపలికి పట్టి కుట్టాననుకో. ఎదిగినప్పుడు విప్పుదాం.”

పగలు గుడ్డు ముక్కలు లోపల పెట్టి తలుపు తీసి ఉంచేవాడు. తర్వాత తలుపు వేసి, మిషను పడగ్గదిలోకి జరుపుకుని పక్కనే తొక్కేవాడు. తర్వాత తొక్కడం ఆపి వంటింట్లోకి వెళ్ళి వచ్చేవాడు. వెళ్ళింది మంచినీళ్ళకే అయినా, దూరప్రయాణం చేసి వచ్చినవాడిలా తలుపు చాటు నుంచి తొంగిచూసేవాడు. రాత్రి బయటికి తీసుకెళ్ళేటప్పుడే చిక్కు, నోరు ఊరుకోదు. చివరికి దానికీ తన పనిలోనే ఉపాయం దొరికింది. కొలతకి బట్ట పట్టి చూసేటప్పటిలాగా గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని బయల్దేరేవాడు. సూదులు నోట్లో ఉంటే ఏ టైలరూ మాట్లాడడు. బొత్తాం పని ముగించుకుని, కబుర్లేమైనా ఉన్నాయేమోనని ఆయన మొహం కేసి చూసి, ఏమీ లేవని లోపలికి నడిచేది. ఏడుపు తగ్గింది, కుంయ్‌మనడమైంది, నిట్టూర్పైంది.

అయినా ఆదివారం రాత్రి మాస్టారికి కన్ను మూతపడలేదు. ఇవాళ గనక అది ఏడిస్తే రేపు దాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టాలి. పెట్టె మీద చెయ్యేసి పడుకున్నాడు. చూస్తుండగానే కిటికీ తెల్లబడింది. బొత్తాం చప్పుడు చేయలేదు. మెట్లమీద కర్ర చప్పుడు చేసింది.

“మాస్టారూ! రాత్రి–” అంటూ ఇంటావిడ తలుపు లేని పడగ్గది గుమ్మంలోకి వచ్చింది, వెనక బెంచీ దాకా వినబడే గొంతుతో.

మాస్టారు తానేం చేస్తున్నాడో తనకే తెలియకుండా వేలు పెదాల మీద పెట్టేశాడు. “ష్! మెల్లిగా టీచరమ్మా. ఇంకా లేవలేదు.”

వంటింట్లో భార్య గిన్నె పట్టుకున్న చేత్తోనే తల పట్టుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంటావిడతో ఆ మాటన్న ప్రాణి లేదు. టీచరమ్మ ఆ వేలు కేసి చూసింది, పెట్టె కేసి చూసింది. ఊచల వెనక ఒక చెవి కదిలి, మళ్ళీ వాలింది.

“బతికే ఉందా?” అంది గుసగుసగా. ఆవిడకి ఆ గొంతు కూడా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

“ఉందండి. పొట్ట ఆడుతోంది.”

“రాత్రంతా చప్పుడే లేదు. ఏమైపోయిందోనని నాకే నిద్రపట్టలేదు.” వంగి ఇంకాసేపు చూసింది. “మధ్యాహ్నం మా అక్కయ్య వస్తుంది.”

“అవునండి.” మాస్టారు పెట్టెకి అడ్డంగా జరిగాడు.

“ఆవిడ నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. ఇది ఏ వేళప్పుడు పడుకుంటుందో చెప్పండి. ముందే చెప్పి ఉంచుతాను.”

మాస్టారు ఆ వేళలు అప్పజెప్పాడు. ఆవిడ తలూపి, కర్ర చప్పుడు కాకుండా చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది. ఆవిడ సగం మెట్లు ఎక్కాక గానీ ఏం జరిగిందో మాస్టారికి అందలేదు. వెంటనే భార్యతో చెబుదామని నోరు తెరిచి, పెట్టె కేసి చూసి, మళ్ళీ మూసేసి, వంటింటి దాకా మునివేళ్ళ మీద నడిచాడు.